సానల దీరినవా, సానలు దేరినవా?

ఊదారంగు సిరా:
పొద్దుటి నుంచి ఒక పద్యపాదం నోట్లో నానుతోంది. "... సానలు దేరిన జాతిరత్నముల్" అని చివర. పదహారో శతాబ్దపు కవి భట్టుమూర్తిదే, వసుచరిత్ర అవతారికలోది (కావ్యానికి ముందుమాట). పద్యం వెతుక్కోగలను. నాకు కావలసింది ఆ క్రియ.

సంగతేమిటంటే, ఒక మిత్రుడి పద్యాల పుస్తకానికి సమీక్ష రాస్తున్నాను. చెయ్యి తిరిగిన కవే, అందులో సందేహం లేదు. కానీ ప్రతి పద్యాన్నీ ఎన్నిసార్లు దిద్దాడో కనపడిపోతూ ఉంటుంది. మాట పక్కన మాట ఇరికి, గోరు దూరే సందు కూడా లేదు. చదువుతుంటే ఊపిరాడదు. మెరుగు పెట్టీ పెట్టీ చెడగొట్టడాన్ని ఒక్క క్రియలో చెప్పాలి, అతను నొచ్చుకోకూడదు. సానదేరు అనే మాటకు ఆ 'మరీ' అనే అర్థం ఎక్కడైనా చూశారా? "అతిగా సానపట్టాడు" అని రాయమనకండి. అది నాకూ తోచింది.

అరసున్న:
క్రియ సంగతి తర్వాత చూద్దాం. ముందు పాఠం. దేరిన కాదండీ, దీరిన. సానలు కాదు, సానలఁ.

కేవల కల్పనాకథలు కృత్రిమరత్నము లాద్య సత్కథల్
వావిరిఁ బుట్టురత్నము లవారిత సత్కవి కల్పనావిభూ
షావహ పూర్వవృత్తములు సానలఁ దీరిన జాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్

సానలన్ + తీరిన. ద్రుతం (సానలన్ చివరి నకారం) మీది పరుషం 'త' సరళమై 'ద' అయింది, ద్రుతం అరసున్నగా మిగిలింది. సానల మీద తీర్చిన రత్నాలు అని అర్థం. వట్టి కల్పన కృత్రిమరత్నం, పాత సత్కథ పుట్టురత్నం, కవి కల్పన తోడైన పాత కథ సానపట్టిన జాతిరత్నం అని పద్యం మాట. 'దేరిన' అనేది చెవిని బట్టి నిలబడిపోయిన పాఠం. సభల్లో కూడా అలాగే చదివేస్తున్నారు, ఎవరూ దిద్దరు.

పెనుగొండ వాకిలి:
పొద్దున్నే ఈ పద్యం చదివించారు, మీ కడుపు చల్లగా. ఇది కవి తన గురించి చెప్పుకున్న మాట కాదని గుర్తుంచుకోండి. తిరుమలరాయలు భట్టుమూర్తికి చెప్పినట్టు ఉంటుంది. 1565లో తళ్ళికోట దగ్గర అంతా పోయింది, విజయనగరం పాడుబడింది, తిరుమలరాయలు పెనుగొండ చేరాడు. అలాంటి కాలంలో కూర్చుని కట్టుకథకీ పుట్టుకథకీ తేడా ఏమిటి, రెంటినీ ఎలా కలపాలి అని మాట్లాడుకున్నారంటే ఏమనాలి? రాజ్యం సగమైంది, పద్యం మాత్రం నిండుగా ఉంది.

ఇక 'మరీ' అంటారా, భట్టుమూర్తి విషయంలో ఆ మాటే చెల్లదు. "లలనాజనాపాంగ వలనావసదనంగ" అని గట్టిగా ఒకసారి చదవండి. సానపట్టడం ఎక్కువైందని ఎవరైనా అంటారేమో చూద్దాం.

ఊదారంగు సిరా:
నేను అనడం లేదు సార్. మా మిత్రుడి పుస్తకం గురించి అడుగుతున్నాను.

గంధఫలి:
అరసున్న గారూ, చెవిని బట్టి అన్నారు కానీ, ఛందస్సు ఈ విషయంలో ఎవరి పక్షమూ కాదు. సానల అన్నా సానలు అన్నా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు). దీరిన అన్నా దేరిన అన్నా భగణమే. యతి 'షా'కి 'సా', అది ఎటూ కదలదు. ప్రాస రెండో అక్షరంలో ఉంది, ఇక్కడికి రాదు. పోనీ సంధి చెబుతుందా అంటే, సానలు + తీరిన అనుకున్నా ప్రథమ మీద గసడదవాదేశం వచ్చి "సానలు దీరిన" అవుతుంది. ఎటుతిప్పినా దకారమే. మీ వాదానికి మిగిలిన ఏకైక ఆధారం మీ పేరే. ఇప్పటి ముద్రణల్లో సగం మంది దాన్ని ఎత్తేశారు.

అందుకని "సానలు" తప్పని అంత తేలిగ్గా తోసెయ్యకండి. బారులు తీరు, కొలువు తీరు అంటాం. చీమలు బారులు తీరతాయి, రాజు కొలువు తీరతాడు. బారులు గానీ కొలువు గానీ అక్కడ కర్తలు కావు. రత్నాలు సానలు తీరితే వచ్చిన నష్టమేమిటి?

అరసున్న:
కొలువు తీరడంలో కొలువు అనేది ఒక స్థితి. బారు కూడా అంతే. సాన అనేది రాయి. రత్నం సానగా ఎలా తీరుతుందమ్మా? పోలిక కుదరలేదు.

గంధఫలి:
సాన అనేది రాయే కాదు, రాయి మీద జరిగే పని కూడా. "సాన పెట్టు", "సాన పట్టు" అన్నప్పుడు రాతిని పట్టుకుంటున్నామా?

బాడిస:
మీరంతా రత్నాల దగ్గరే ఆగిపోయారు. ఊదారంగు సిరా గారు అడిగినదానికి మా వడ్రంగం వాళ్ళ మాట ఒకటుంది: చిత్రిక పట్టు. ఈ మాటను సమీక్షకులు ఎంత పాడు చేశారో ఎన్నాళ్ళ నుంచో చెప్పాలని ఉంది, ఇవాళ దొరికారు.

"ఈ నవల పల్లె జీవితాన్ని చిత్రిక పట్టింది" అని రాస్తారు. చిత్రం అనే మాట లోపల కనపడేసరికి చిత్రించడం అనుకుంటున్నారు. చిత్రిక అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు. మా నాన్న అయితే తోపడా అనేవాడు, చిత్రిక అనే మాట నేను పుస్తకాల్లోనే చూశాను. ఏ పేరు పెట్టినా పని ఒకటే. ఎత్తుపల్లాలు ఉన్నచోట పైపొర లేపెయ్యడం. జీవితాన్ని చిత్రిక పట్టారంటే దాని గరుకంతా తీసేశారని అర్థం. మెచ్చుకోబోయి తిట్టారన్నమాట.

అతిగా పడితే ఏమవుతుందో కూడా చెబుతాను. వానాకాలంలో తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుంది. ఇంటివాళ్ళు కబురు పెడతారు. కొత్తగా పని నేర్చినవాడైతే తలుపు దించి, అంచంతా తోపడా పట్టి, సాఫీగా పడేలా చేసి డబ్బులు తీసుకుని వెళ్తాడు. ఎండాకాలం వచ్చాక చూడాలి. చెక్క ఆరి, లోపలికి ముడుచుకుని, ఆ సందులోంచి బల్లులు దర్జాగా వచ్చి పోతుంటాయి. మా నాన్న అయితే ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత పోయేదాకా మాత్రమే పట్టేవాడు. ఇంకా కొంచెం పట్టుతోంది కదా అంటే, "దీపావళి దాకా ఓపిక పట్టండి, అదే వదులవుతుంది" అనేవాడు. ఇంకోటి, చెక్క ఈనె ఎటు పోతే అటే తొయ్యాలి. ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చుల్ని నునుపు చెయ్యబోయి మళ్ళీ పడతారు, మళ్ళీ లేస్తాయి. మీ మిత్రుడిది ఈ రెండో రకం అయ్యుంటుంది.

మెతుకుసీమ:
మా దిక్కు రందా అంటరన్నా. రందా పట్టుడు. ఉర్దూ, హిందీల నుంచి వచ్చిన మాట. దీన్ని రందితో కలపకండి, రంది అంటే దిగులు. రందా ఎక్కువైతే రంది మొదలైతది, అది వేరే కథ.

పెనుగొండ వాకిలి గారు పైన "నిండుగా" అన్నారు కానీ, నేనైతే నగిషీ అంటాను. నక్షీ, నకాశీ, నగిషీ అన్నీ ఒక గూటివే. చేర్యాలలో పటాలు వేసేవాళ్ళను నకాశీలు అంటారు. నిర్మల్ బొమ్మల వాళ్ళూ నకాశీలే. అక్కడ నగిషీ అంటే అతి కాదు, అదే వృత్తి. కాగితం మీదికి వచ్చేసరికి "నగిషీలు చెక్కాడు" అంటే వెక్కిరింత అయిపోయింది. ఎందుకయింది?

కొత్తగా చేరాను:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో దీనికి ఒకే మాట ఉంది, "చెక్కుతున్నాడు". "ఆ ప్రెజెంటేషన్ ఇంకా ఎన్నాళ్ళు చెక్కుతావురా, పంపించెయ్" అంటాం. తిట్టూ కాదు, పొగడ్తా కాదు. వినేవాడికి కోపం రాదు, సిగ్గు మాత్రం వస్తుంది. రాజమౌళి గారిని జక్కన్న అంటారు కదా, అందులో కూడా కొంచెం మురిపెం, కొంచెం "ఇంకెప్పుడు స్వామీ" అనే నిట్టూర్పు ఉంటాయి. సమీక్షలో "చెక్కారు" అని రాస్తే సరిపోదా?

పెనుగొండ వాకిలి:
బాబూ, చెక్కడం అంటే శిల్పం. జక్కన అంటే బేలూరు, హళేబీడు గుడులతో ముడిపడ్డ పేరు. మా తరానికి 1964లో వచ్చిన అమరశిల్పి జక్కన్న సినిమా. దాన్ని ప్రెజెంటేషన్‌కి దించారా?

గంధఫలి:
దించితే దించారు, మాట బతికింది కదండీ. ఈ పిల్లవాడు చెప్పినదే ఇప్పటిదాకా అసలు ప్రశ్నకి దగ్గరగా ఉంది. 'చెక్కు' అనే క్రియకు అతి అనే అర్థం పూర్వం లేదు. ఇప్పుడు వర్తమానంలో, అదీ "ఇంకా", "ఎన్నాళ్ళు" పక్కన పడితేనే వస్తోంది. "చెక్కాడు" అంటే మెప్పు, "చెక్కుతూనే ఉన్నాడు" అంటే ఎత్తిపొడుపు. కాలం మారితే అర్థం మారే క్రియలు మనకు ఎన్ని ఉన్నాయి? ఇది విడిగా చర్చించాలి.

మణికంధరుడు:
ఆలస్యంగా వచ్చాను. పద్యం చివరి సగం మీద ఇంత రాద్ధాంతం చేస్తున్నారు, మొదటి పాదం ఎవరికీ గుచ్చుకోలేదా? "కేవల కల్పనాకథలు కృత్రిమరత్నములు". ఆ రాయి ఎవరి మీద వేసిందో తెలియనిది కాదు. పూర్తిగా కల్పించిన కథతో కావ్యం రాసింది పింగళి సూరన. కళాపూర్ణోదయాన్ని గాజుపూస అన్నాడు మీ భట్టుమూర్తి.

నన్నడిగితే అతి సంస్కారానికి విరుగుడు సూరన దగ్గరే ఉంది. ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంస మాటతీరును మెచ్చుకునే సీసం ఉంది కదా, "శబ్దసంస్కార మెచ్చటను జారగనీక పదమైత్రి యర్థసంపదల బొదల" అని. సంస్కారం జారకూడదు అన్నాడు. ఆ వెంటనే అక్లిష్టత అన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో. ఊదారంగు సిరా గారి మిత్రుడికి మొదటిది ఉంది, రెండోది లేదు. సమీక్షలో ఆ పద్యం ఉటంకిస్తే చాలు, క్రియతో పని లేదు.

పెనుగొండ వాకిలి:
గాజుపూస అనలేదు, కృత్రిమరత్నం అన్నాడు. సూరన పేరు కూడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

మణికంధరుడు:
సరే, తడుముకున్నాను. మీరు "నానాసూన వితాన వాసనల" పద్యం భట్టుమూర్తి సొంతమేనని ఇక్కడ ఒక్కసారి రాయండి.

గంధఫలి:
నా పేరు ఆ పద్యంలోంచే తీసుకున్నాను, గంధఫలి అంటే సంపెంగ, కాబట్టి నాకు మాట్లాడే హక్కు ఉంది. సంపెంగ ముక్కు పద్యం ముక్కు తిమ్మన రాశాడనీ, భట్టుమూర్తి కొనుక్కున్నాడనీ చెప్పేది చాటుకథ. కథ బాగుంది కాబట్టి నిలిచింది. పద్యం ఇవాళ ఉన్నది వసుచరిత్రలో. కొనుక్కున్నా, అది అక్కడ అతుకులా కనపడదు. మీ లెక్కన సానపట్టడం అంటే అదే.

అరసున్న:
తిమ్మన గారిని పక్కన పెట్టి రాతి దగ్గరికి వద్దాం. సానపట్టడం అతి అవుతుందా అని కదా ప్రశ్న. భర్తృహరి ఎప్పుడో జవాబు చెప్పేశాడు.

మణిః శాణోల్లీఢః సమరవిజయీ హేతినిహతో...

సాన నాకిన మణి, ఆయుధాల దెబ్బలు తిన్న విజేత, మదం కారి చిక్కిన ఏనుగు, శరత్తులో ఇసుకతిన్నెలు ఆరిన ఏరు, కళ మాత్రం మిగిలిన చంద్రుడు. వీళ్ళందరూ "తనిమ్నా శోభంతే", సన్నబడడం వల్లనే శోభిస్తారు. కాబట్టి సాన తగ్గించేది పరిమాణాన్నే, శోభను కాదు. ఏనుగు లక్ష్మణకవి, పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి ముగ్గురూ తెలుగు చేశారు. ముగ్గురినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి, శాణానికి, అంటే సానకు, ఎవరు ఏ మాట వేశారో.

గంధఫలి:
మాస్టారు "సాన నాకిన" అన్నారు, బాగుంది. ఉల్లీఢ అంటే నాకబడినదే, లిహ్ ధాతువు. కాళిదాసు మాత్రం నాకించలేదు, గీయించాడు. శాకుంతలం ఆరో అంకంలో విరహంతో చిక్కిపోయిన దుష్యంతుడు "సంస్కారోల్లిఖితో మహామణిరివ". ఉల్లిఖిత, గీయబడిన. ఒక రాయి నాకుతుంది, ఒక రాయి గీస్తుంది. నాకడం అనేసరికి పొరపొరగా, నెమ్మదిగా, తెలియకుండా అరిగిపోవడం కనపడుతుంది. మిత్రుడి పద్యాలు నాకినట్టున్నాయా, గీసినట్టున్నాయా?

ఊదారంగు సిరా:
నాకినట్టే ఉన్నాయి. కానీ ఆ మాట రాస్తే స్నేహం ఉండదు.

కృష్ణ ఒడ్డు:
భర్తృహరి వజ్రాల వ్యాపారం చేసినవాడు కాదు. సాన శోభను తగ్గించదని మాస్టారు అంత ధీమాగా అన్నారు కాబట్టి మా కొల్లూరు కథ ఒకటి చెప్పాలి.

గోల్కొండ రాజ్యంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గని. గొప్ప మొగలు వజ్రం అని చరిత్రలో పేరు పడ్డ రాయి అక్కడిదే అంటారు. మీర్ జుమ్లా దాన్ని షాజహానుకి కానుక ఇచ్చాడు. టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి 1665లో ఔరంగజేబు కొలువులో దాన్ని చేత్తో పట్టుకుని తూచి చూశాడు. ముడిరాయిగా 900 రతీలు, అంటే 787న్నర క్యారెట్లు ఉండేదని రాశాడు. ఆయన తూచేనాటికి మిగిలింది సుమారు 280 క్యారెట్లు. సానపట్టింది హార్టెన్సియో బోర్జియో అనే వెనీసు మనిషి. రాయిలో మచ్చలు ఉన్నాయి. వాటి దగ్గర చీల్చి ఉంటే పెద్ద ముక్కలు దక్కేవి, ఈయన చీల్చకుండా మచ్చలు పోయేదాకా అరగదీశాడు. పాదుషా కూలి ఇవ్వకపోగా 10,000 రూపాయలు జరిమానా వేశాడు. ఇంకా ఉంటే ఇంకా వసూలు చేసేవాడే అని టావెర్నియే రాత.

కోహినూరుకీ అదే గతి పట్టింది. 186 క్యారెట్లది 1852లో లండనులో మళ్ళీ సానపట్టిస్తే 105 చిల్లరకు దిగింది. విక్టోరియా భర్త ఆల్బర్టుకి అప్పటికీ తృప్తి లేదు. ఆ ఏడాదే ఇక్కడ మద్రాసులో బ్రౌను తెలుగు నిఘంటువు అచ్చయింది. ఒకచోట రాయి అరిగింది, ఒకచోట మాటలు పోగయ్యాయి.

కాబట్టి భర్తృహరి శ్లోకం చదివి వజ్రాన్ని సానవాడి చేతికి ఇవ్వకండి.

అరసున్న:
కృష్ణ ఒడ్డు గారూ, కథ రమ్యంగా ఉంది. బోర్జియో వల్ల తగ్గినది బరువు. భర్తృహరి చెప్పిందీ అదే, "తనిమ్నా". శోభ తగ్గిందని టావెర్నియే అన్నాడా?

కృష్ణ ఒడ్డు:
బరువు కోసమే కదండీ జరిమానా వేసింది. పాదుషాలు శోభను తూచి చూడరు.

బాడిస:
పద్యాన్ని కూడా తూచి చూడాలి అంటాను నేను. పద్యం పట్టుకుంటే చేతికి ఏదో బరువు తగలాలి. చేవ అంటాం మేం, మాను నడిబొడ్డులో ఉండే గట్టి కొయ్య. చిత్రిక చేవదాకా వెళ్ళకూడదు.

ఊదారంగు సిరా:
ఇంతమంది ఇన్ని చెప్పాక నాకు ఒకటి తట్టింది. అరసున్న గారి పాఠమే తీసుకుందాం, తీరిన. తీరు అనే క్రియను ఒకసారి చూడండి. తీర్చిదిద్దు, బొట్టు తీర్చు, ముగ్గు తీర్చు, తీరైన మనిషి. ఇదంతా చక్కబడడం. అదే క్రియ, ఆయువు తీరింది, రుణం తీరింది, మోజు తీరింది, ముచ్చట తీరింది. ఇది అయిపోవడం. చక్కబడడమూ అయిపోవడమూ తెలుగువాడికి ఒకే మాట. అంటే సానలఁ దీరిన రత్నంలోనే సాన మీద తీరిపోయిన రత్నం కూడా దాక్కుని ఉంది. "ఈ పద్యాలు సాన మీద తీరాయి" అని రాస్తే కవి మెప్పు అనుకుంటాడు, చదివేవాడికి అసలు సంగతి తెలుస్తుంది. ఎలా ఉంది?

పెనుగొండ వాకిలి:
శ్లేష! భట్టుమూర్తి వింటే భుజం తట్టేవాడు. హరిశ్చంద్రనలోపాఖ్యానం మొత్తం ఒక పద్యానికి రెండు కథలు చొప్పున నడిపినవాడు ఆయన. మీ ఒక్క వాక్యానికి రెండు అర్థాలు ఆయనకు లెక్క కాదు కానీ, దారి అదే.

అరసున్న:
శ్లేషకు చప్పట్లు కొట్టండి, ప్రయోగం మాత్రం కాదు. 'సాన మీద తీరు' అంటే అరిగి అయిపోవడం అని ఏ కవి వాడాడు? అర్థం మీకు తోచడం వేరు, అర్థం ఉండడం వేరు. రేపు ఎవరో మీ సమీక్ష చూసి నిఘంటువులోకి ఎక్కిస్తారు.

మెతుకుసీమ:
ఎక్కిస్తే ఎక్కనీయండి సార్. నిఘంటువులో మాటలన్నీ ముందు ఎవరికో ఒకరికి తోచినవే కదా.

గంధఫలి:
ఊదారంగు గారి ఊహ నాకు నచ్చింది, కానీ రత్నం కంటే గంధానికి బాగా అతుకుతుంది. మన ఇళ్ళలో సాన అంటే మొదట గంధపు సానే. గుండ్రటి రాయి, చుట్టూ కాలువ. రెండు చుక్కల నీళ్ళు వేసి గంధపు చెక్కను ఒకే వైపు తిప్పుతూ పోతే ముందు తెల్లగా నురగ, తర్వాత చిక్కగా గంధం దిగుతుంది. నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది, వాసన ఉండదు. చెక్క అరుగుతూ అరుగుతూ చివరికి వేళ్ళకు పట్టు దొరకనంత అవుతుంది. ఏళ్ళ తరబడి వాడితే సాన కూడా నడుమ గుంట పడుతుంది. ఇక్కడ తీరడమే పని. రత్నం మిగలాలి, గంధపు చెక్క మిగలక్కరలేదు. అందుకని అతి అనే మాట ఒక సానకు వర్తిస్తుంది, ఇంకో సానకు వర్తించదు. సమీక్ష రాసేవాడు ముందు పద్యం రత్నమా గంధమా తేల్చుకోవాలి.

మణికంధరుడు:
ఇది వినడానికి బాగుంది. గంధమైన కవి ఒకడి పేరు చెప్పండి.

గంధఫలి:
చేమకూర వెంకటకవి. విజయవిలాసాన్ని పిల్ల వసుచరిత్ర అన్నారు కానీ రెండూ వేరు సానలు. ప్రతిపద్యంలో చమత్కారం ఉంటుందని తంజావూరు రాజు రఘునాథ నాయకుడే మెచ్చుకున్నాడంటారు. ఆ చమత్కారం కోసం కథ అరిగిపోయినా చదివేవాడికి బెంగ ఉండదు. తాపీ ధర్మారావు గారి హృదయోల్లాస వ్యాఖ్య పక్కన పెట్టుకుని చదివితే ఒక్కో పద్యం ఎంత అరగదీశాడో తెలుస్తుంది. ఆ వ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వ్యాఖ్యకు! అంత తవ్వుకోవడానికి ఉంది అందులో.

పెనుగొండ వాకిలి:
చేమకూరను భట్టుమూర్తి పక్కన నిలబెట్టారు, నేను ఊరుకోను. ఈ సాయంత్రం ఒక పెద్ద వ్యాసం పెడతాను.

కొత్తగా చేరాను:
ఒక చిన్న సందేహం. ఆరితేరిన, నిగ్గుదేలిన, రాటుదేలిన అంటాం కదా. మరి "సానదేరిన" తప్పు ఎలా అవుతుంది? అవన్నీ ఒక బాపతే అనిపిస్తోంది. నీళ్ళు తేరాయి అన్నట్టు, మడ్డి దిగి తేటపడడం.

అరసున్న:
నీ ప్రశ్న బాగుంది నాయనా. కానీ ఆరితేరిన మాట పక్కన నిలబడి నిలబడి ఇదీ 'దేరిన' అయిందనే నేను అనేది. అలవాటు పడిన తోక కొత్త తలకు అతికింది.

ఊదారంగు సిరా:
అలా అతికినా అర్థం చెడలేదు కదండీ. సాన మీద తేరిన రత్నం, మాలిన్యం పోయి తేటపడిన రత్నం. భట్టుమూర్తి రాయకపోయినా రాయదగ్గ మాటే.

అరసున్న:
రాయదగ్గ మాటలన్నీ కవుల నోట్లో పెడుతూ పోతే చివరికి పాఠాలు మిగలవు. మీ మిత్రుడికి చేసినట్టే భట్టుమూర్తికీ మెరుగు పెడుతున్నారు మీరు.

కృష్ణ ఒడ్డు:
జరిమానా 10,000.

బాడిస:
ఇంతకీ సమీక్ష ఎంతవరకు వచ్చింది? చిత్రిక పట్టారా, చెక్కారా, తీర్చారా?

ఊదారంగు సిరా:
"కవి శ్రద్ధ ప్రతి పాదంలోనూ కనపడుతుంది" అని రాసి పంపించేశాను. పత్రికవాళ్ళు సాయంత్రానికి కావాలన్నారు. మిత్రుడు ఫోన్ చేసి చాలా సంతోషించాడు. ఆ 'కనపడుతుంది' అనే మాట దగ్గర కాస్త ఆగుతాడేమో అనుకున్నాను, ఆగలేదు.

మెతుకుసీమ:
అదే మీకు కావలసిన క్రియ అన్నా.

శకటరేఫం:
హోసూరు నుంచి రాస్తున్నాను. మొత్తం చదివాను, ఒక్కరూ రేఫం, అంటే ర అక్షరం, సంగతి ఎత్తలేదు. మాకు అటు తమిళం, ఇటు తెలుగు రెండూ వాకిట్లోనే ఉంటాయి. తమిళంలో తేటపడడానికి, తేరుకోవడానికి 'తేఱు', అందులో ఉన్నది బండి ఱ. ముగియడానికి 'తీర్', అందులో ఉన్నది మామూలు ర. అచ్చు ఒక్కటే కాదు, హల్లు కూడా వేరన్నమాట. కాబట్టి దీరినకూ దేరినకూ తేడా మీరు గుడిదీర్ఘంలో, ఏత్వంలో వెతుకుతున్నారు కానీ, దాని పక్క అక్షరంలో వెతకాలి. అరసున్న గారూ, మీరు పైన పెట్టిన పద్యంలో అరసున్నలు అన్నీ జాగ్రత్తగా ఉంచారు, బండి ఱ ఒక్కటీ లేదు. మీ ప్రతిలోనే లేదా, మీరు టైపు చేసేటప్పుడు మార్చారా?

అరసున్న:
నా ప్రతి చూసి చెబుతాను. పై అటకలో ఉంది.

పెనుగొండ వాకిలి:
నా దగ్గర ఉన్నది వావిళ్ళవారి ముద్రణ. అందులో ఆ పుట తీసి ఫోటో పెడతాను. కానీ ముందే చెబుతున్నాను, చేమకూర మీద వ్యాసం పెట్టాకే.